బుట్ట మోయని మేనమామ నుంచి జీపీఎస్ గారికి

మహారాజరాజశ్రీ కారు జీపీఎస్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలంగానే ఉన్నారు. ఏసీ గాలి నేరుగా తగిలేలా డాష్‌బోర్డు మీద కొలువుదీరి ఉన్నారు. బాగాలేనిది మా సంగతే. మా అక్క నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. బావగారు మాట్లాడుతున్నారు గానీ, "పర్లేదులేవయ్యా, ట్రాఫిక్కు కదా" అని కనిపించినప్పుడల్లా అనేకంటే ఆయన కూడా మానేస్తేనే నయం.

పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్ళాల్సిన మేనమామని నేను. నిన్న ఆ పని మా పిన్ని కొడుకు చేశాడు. వరసకి వాడూ మేనమామేనని పంతులుగారు సర్దేశారట. వాడికి పాతికేళ్ళు, రోజూ జిమ్‌కి వెళతాడు. బుట్టని పూలసజ్జలా ఎత్తేశాడని అందరూ ఒకటే మెచ్చుకోవడం. వీడియోలో స్లోమోషన్‌లో పడింది. అది నేను ఫ్యామిలీ గ్రూపులో చూశాను.

శుభలేఖ ప్రకారం ముహూర్తం ఉదయం 10 గంటల 47 నిమిషాలకు. పంతులుగారి చేతికున్నది అద్దం పగిలిన వాచీ. దాన్ని చూసుకునే ఆయన జీలకర్రబెల్లం వేళకి పెట్టించేశారు. తమరు సంప్రదించేది సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లోని అణుగడియారాల్ని. అవి నేలమీది గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి కాబట్టి, ఐన్‌స్టీన్ సిద్ధాంతం పట్టుకుని ఆ తేడాని కూడా సరిచేసి పెట్టారు. అంతమంది పెద్దలు అంత కష్టపడిన ఫలితంగా, నేను రెండో బంతి భోజనాల టైముకి పెళ్ళిలో దిగాను.

అసలు విషయానికి వస్తాను. మండపం వైజాగ్ దగ్గర పెందుర్తి దాటాక, ఈమధ్య వేసిన ఏదో లేఅవుట్‌లో ఉంది. పేరు చెబితే ఎవరికీ తెలీదు, అందుకే వాళ్ళు వాట్సాప్‌లో లొకేషన్ పంపారు. అందులోని అక్షాంశ రేఖాంశాల అంకెలన్నీ తమకి నివేదించాను. తమరు ఒక్క క్షణం ఆలోచించి, గులాబీరంగు గీత ఒకటి గీసి, సరేనన్నారు.

ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి దాదాపు 50 కిలోమీటర్ల ఆరు లైన్ల హైవే పడిందన్న సంగతి ఆ చుట్టుపక్కల మేకలకి కూడా తెలుసు. వైజాగ్‌లోకి వచ్చే పనిలేని లారీలు దాన్ని పట్టుకుని దర్జాగా పోతుంటాయి. తమ తెరమీద మాత్రం అక్కడ పచ్చటి పొలం. ఆ పొలంలో నా కారు గుర్తు, ముద్దుగా నీలంరంగు బాణం, గంటకి 80 కిలోమీటర్ల వేగంతో గట్లూ కాలవలూ దాటేసి పోతోంది. వెనకసీట్లో మా అమ్మ అది చూసి, "పంట తొక్కేస్తన్నావేట్రా" అంది. ఆవిడ నిజంగానే కంగారుపడింది.

అప్పుడు కనిపించింది మండపం, కుడివైపున. అరటిచెట్లు కట్టిన గేటు. పసుపూ ఎరుపూ చారల షామియానా. గేటు ముందు బావగారి తమ్ముడు ఫోన్ చెవికి పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. ఆ ఫోన్ నాకే. అద్దం దించితే సన్నాయి కూడా వినిపించింది. నాకూ ఆ సన్నాయికీ మధ్య ఉన్నవి ఇవి: మా వైపు లైన్లు, డివైడరు, అవతలి వైపు మూడు లైన్లు, ఇనప రెయిలింగు, సర్వీసు రోడ్డు. సరిగ్గా అక్కడ తమరు, ఆ చల్లటి గొంతుతో, సెలవిచ్చారు: "మీరు మీ గమ్యాన్ని చేరుకున్నారు. మీ గమ్యం కుడివైపున ఉంది."

చెప్పి, గళ్ళజెండా ఒకటి చూపించి, గీత చెరిపేసి ఊరుకున్నారు. తమ పని అయిపోయింది.

చేరుకున్నానా స్వామీ? ఎక్కడికి? కారు ఆపడానికి వీల్లేదు, వెనక లారీ హారను కొడుతోంది. కుడికి తిప్పడానికి సందు లేదు. బావగారి తమ్ముడు నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అలా ఊపుకుంటూనే నేను మండపం దాటిపోయాను. నన్ను చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోతున్నాడేమిటని ఆయన మొహంలో కనిపించిన ఆశ్చర్యం నేను చచ్చేదాకా మర్చిపోను. "వచ్చాడు, చెయ్యూపి వెళ్ళిపోయాడు" అని ఆయన లోపలికెళ్ళి మా అక్కతో చెప్పాడు. ఆ ఒక్క వాక్యం మా బంధువుల్లో ఇంకో ముప్ఫై ఏళ్ళు తిరుగుతుంది. మనవల పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

ఇంత జరిగాక తమరు మేల్కొని, "వీలైనప్పుడు యూటర్న్ తీసుకోండి" అన్నారు. పొలంలో అయితే ఎక్కడైనా తిరగొచ్చు మరి. చివరికి దారి చెప్పింది రోడ్డు పక్కన మేకలు కాస్తున్న పెద్దాయన. "ఏటి బాబూ, ఆ మిషన్ సెప్పిందని ఇలగొచ్చీసినారేటి? ముందుకెల్లి, ఆ కన్నం కింద నుంచి తిరిగి, సర్వీసు రోడ్డంట ఎనక్కొచ్చీండి." ఆయన కన్నం అన్నది అండర్‌పాస్‌ని. ఆయనకి ఉపగ్రహాలతో సంబంధం లేదు. మేకల సంగతి నేను ఊరికే అనలేదు.

తమరు అబద్ధమాడారని నేను అనడం లేదు, అదే నా బాధ. నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, నేనెక్కడున్నానో కొద్ది మీటర్ల తేడాలో చెప్పేస్తారు. అక్కడ కొండల్లేవు, మేడల్లేవు, ఆకాశమంతా ఖాళీ. కాబట్టి లెక్క బాగానే కుదిరి ఉంటుంది. కానీ నేనెక్కడున్నానో నాకూ తెలుసు. హైవే మీదున్నాను. అక్కణ్ణుంచి ఎలా వెళ్ళాలో చెబుతారనే కదా తమర్ని డబ్బు పోసి కొన్నది! ఉపగ్రహం టైమూ, తానున్న చోటూ మాత్రమే చెబుతుంది. అండర్‌పాస్ ఎక్కడుందో దానికేం పట్టింది. రోడ్లన్నీ ఉండాల్సింది మీ పొట్టలో దూర్చిన మెమరీ కార్డులో.

ఆ కార్డు సంగతి కూడా తేల్చేద్దాం. ద్వారకానగర్‌లో కొన్నప్పుడు షాపతను "లైఫ్‌టైమ్ మ్యాప్స్ ఫ్రీ సార్, పైసా కట్టక్కర్లేదు" అన్నాడు. పెట్టె మీద పెద్దక్షరాల్లో అదే ఉంది. చీమంత అక్షరాల్లో ఇంకోటి ఉంది: కంపెనీ ఆ మోడల్‌కి మ్యాపులు ఇవ్వడం మానేసేదాకానే ఆ లైఫ్. "మన నావిక్ కూడా పట్టుద్ది" అన్నాడు. నావిక్ అంటే జీపీఎస్ లాంటి మన సొంత ఏర్పాటు. ఇస్రో 2013 నుంచి దానికి ఉపగ్రహాలు పంపింది నిజమే, వాటిని అందుకునే చిప్పు మీలో లేదన్నదీ నిజమే. కొనేవాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే, తెర ఎన్ని అంగుళాలని అడగొద్దు. అందులో ఉన్న మ్యాపు ఏ సంవత్సరానిదో షాపులోనే ఆన్ చేయించి చూడండి. మీ ఇంటి దగ్గర ఆఖరుగా పడిన రోడ్డు పేరు కొట్టి వెతకండి. అది లేకపోతే పెట్టె మూసి చేతికిచ్చేయండి.

పెళ్ళికని పోయిన ఆదివారం మధ్యాహ్నమంతా మీకు అప్‌డేట్ ఎక్కించాను. లాప్‌టాప్, వైరు, వాళ్ళ సాఫ్ట్‌వేరు, మర్చిపోయిన పాస్‌వర్డు. డౌన్‌లోడు 90 శాతం దాటాక కార్డులో ఖాళీ లేదన్నారు. సరేనని ఐరోపా దేశాల మ్యాపులు తీసేశాను. బెల్జియం వీధివీధీ ఉంది నీ దగ్గర! సబ్బవరం లేదు! అనకాపల్లి జిల్లాలో మేనమామకి బెల్జియంతో ఏం పనో నువ్వే చెప్పు. మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాను, చీకటి పడింది, "మీ మ్యాప్ తాజాగా ఉంది" అన్నావు. తాజా అంటే ఆ పొలమన్నమాట.

ఇహ ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ మీద నువ్వు వేసే వేషాల గురించి ఎంతని చెప్పను. నేను పైన పోతుంటే నువ్వు కింద జంక్షన్లో ఉన్నాననుకుని "ఎడమకి తిరగండి" అంటావు. పైనుంచి దూకమనా? ఉపగ్రహాలన్నీ నెత్తిమీదే ఉంటాయి, కాళ్ళకింద ఒక్కటీ అందదు, అందుకే ఎత్తు దగ్గర లెక్క ఎక్కువ తప్పుతుందని నాకూ తెలుసు. తెలిస్తే నోరు మూసుకోవాలి గానీ, ఎడమకీ కుడికీ తిరగమంటావా! ఎంవీపీ కాలనీలో సెక్టార్ల సంగతి, యారాడ పోదామంటే నేవీ గేటు ముందు తుపాకీ ఎదురుగా నిలబెట్టిన సంగతి ఇప్పుడు వదిలేస్తున్నా.

నీకు నేను చేసిన సేవలో లోటేమన్నా ఉందా? ఎండాకాలం కారు బయట పెడితే బ్యాటరీ ఉబ్బిపోతుందని నిన్ను విప్పి, బ్యాగులో వేసుకుని ఆఫీసుకి మోశాను. బీచిరోడ్డు ఉప్పుగాలికి చార్జరు పిన్ను మీద ఆకుపచ్చగా పొరకడితే, పాత టూత్‌బ్రష్షు స్పిరిట్‌లో ముంచి, వేలిగోరంత పిన్నుని ఊపిరి బిగబట్టి తోమాను. అద్దానికి అంటించే రబ్బరు కప్పు పట్టు వదిలేసి, నువ్వు గేరు మీద పడ్డప్పుడల్లా దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, అద్దం కూడా తుడిచి మళ్ళీ అంటించాను. మా అబ్బాయి బూట్లు కూడా నేను అంత శ్రద్ధగా తుడవలేదు.

"చేతిలో ఫోనుండగా ఇదెందుకు" అని మా ఆవిడ కొన్నరోజు నుంచీ అంటూనే ఉంది. ఆవిడకి నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను: అరకు. అనంతగిరి ఘాట్‌లో రాత్రిపూట మంచు దిగి, బానెట్టు ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించనప్పుడు, ఫోనులో సిగ్నల్ ఎప్పుడో చచ్చిపోయింది. నీకు సిగ్నల్ టవరుతో పనిలేదు. ముందు ఎడమ మలుపు, తర్వాత గట్టి కుడి మలుపు, ఆ తర్వాత రైల్వే గేటు, అంటూ ఒక్కటీ తప్పకుండా చెప్పుకుంటూ దింపావు. ఆ రోజు మా ఆవిడ తెరకి దణ్ణం పెట్టింది. ఆ ఘాట్‌రోడ్డు పాతది, నీ మ్యాపులో ఉంది, అంతే. పాతకాలపు రోడ్ల మీద నీ అంత మంచివాడు లేడు. ఆ కృతజ్ఞతతోనే కదా పెళ్ళిరోజున కూడా నిన్ను ఎదురుగా పెట్టుకున్నది.

అక్కకి ఇదంతా చెబుదామని నిన్న సాయంత్రం నిన్ను తీసుకెళ్ళి ఆ పొలం చూపించాను. ఆవిడ చూసింది. "ఇందులో మండపం ఉందిగా" అంది. ఉంది. మండపం సరిగ్గా ఉన్నచోటే ఉంది, కుడివైపున.

పదహారు రోజుల పండగకి మళ్ళీ అదే హైవే ఎక్కాలి. అత్తవారిది అనకాపల్లి. బావగారి తమ్ముడి కారు ముందు పోతుంది, దాని వెనకాలే నేను. నువ్వూ రావచ్చు, ఎవరూ వద్దనరు. డాష్‌బోర్డు సొరుగులో టిష్యూ డబ్బా పక్కన చోటుంది. చార్జరు వైరు మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
నీ యజమాని (అని బిల్లులో రాసి ఉంది)