జీరో టికెట్ మీద మాట్లాడనివ్వండి, ఇంగ్లిష్ సాగుతుంది

అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్లలో ఒక జిరాక్స్ కాగితం ఎన్నేళ్ల నుంచి చేతులు మారుతుందో గానీ గ్రూప్ డిస్కషన్ టాపిక్స్ కావాలంటే ఇప్పటికీ అదే ఇస్తున్నారు. పైన గ్లోబల్ వార్మింగ్, దాని కింద సోషల్ మీడియా వరమా శాపమా, తర్వాత విమెన్ ఎంపవర్‌మెంట్, అడుగున నోట్ల రద్దు మంచిదా చెడ్డదా. నోట్ల రద్దు జరిగింది 2016 నవంబర్ 8న. ఇప్పుడు ఇంజినీరింగ్‌లో చేరుతున్న పిల్లలు అప్పుడు మూడో తరగతో నాలుగో తరగతో, ఏటీఎం క్యూలో నాన్నతో పాటు నిలబడ్డ జ్ఞాపకం ఉంటే ఉండొచ్చు, అంతకుమించి వాళ్లకి దానితో ఏం పని? అయినా దాని మీదే ఇంగ్లిష్‌లో అభిప్రాయం చెప్పమంటాం, వాళ్లేమో బట్టీ కొట్టింది అప్పజెప్తారు, మనం మార్కులేస్తాం.

నేను మూడేళ్లుగా శనివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక చిన్న ప్రాక్టీస్ గ్రూప్ నడుపుతున్నా, ఫీజు లేదు, ఎనిమిది తొమ్మిది మంది వస్తారు. వీళ్లెవరూ ఏబీసీడీల దగ్గరున్న వాళ్లు కాదు. మెయిల్ తప్పుల్లేకుండా రాస్తారు, మీటింగులో అవతలివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, టెన్సులన్నీ వచ్చు. కానీ ‘వాట్ డూ యూ థింక్’ అని అడిగితే రెండో వాక్యం తర్వాత బండి ఆగిపోతుంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్లు 2001లో భాషా స్థాయిలని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా పెట్టారు కదా, అందులో నాలుగోది బీ2. ఆ మెట్టు మీద ఉన్న మనిషి ఏం చేయగలగాలి అంటే, జనం మాట్లాడుకుంటున్న విషయం మీద తన అభిప్రాయం చెప్పి, ఒక్కో దారిలో లాభమేంటి నష్టమేంటి వివరించగలగాలి అని రాశారు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మూడో పార్ట్ నాలుగైదు నిమిషాలు కూడా ఇదే పరీక్ష. మనవాళ్లు చాలామంది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే ఏళ్లకేళ్లు ఆగిపోతున్నారు, దానికి కారణం గ్రామరో వొకాబులరీయో అనుకుని మళ్లీ ఇంకో కోర్సులో చేరి డబ్బులు కడుతున్నారు. అసలు లోటు వాళ్లకి మనం ఇచ్చే టాపిక్స్‌లో ఉందని నా అభిప్రాయం.

ఇది నాకు ఒక శనివారం తెలిసొచ్చింది. మా గ్రూప్‌లో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పే ఒక మేడమ్ ఉన్నారు, ఆరు వారాల పాటు ‘ఐ అగ్రీ విత్ హిమ్’ తప్ప నోట్లోంచి ఇంకో ముక్క రాలేదు. గ్లోబల్ వార్మింగ్ రోజైతే అందరూ ‘నౌ ఎ డేస్’ అని మొదలుపెట్టి మూడేసి వాక్యాలు చెప్పి కూర్చున్నారు, పావుగంటలో అయిపోయింది, నాకు చాలా బాధేసింది. తర్వాతి వారం నేను ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం టాపిక్ పెట్టాను. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైంది, ఏపీలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న, కాబట్టి గ్రూప్‌లో రెండు వైపుల వాళ్లకీ దీని సంగతి తెలుసు. మేడమ్ బ్యాగులోంచి ఆ రోజు కండక్టర్ ఉచితంగా ఇచ్చిన జీరో టికెట్ తీసి టేబుల్ మీద పెట్టారు. రోజుకి ఎనభై రూపాయలు మిగులుతున్నాయని, ఆ డబ్బు కూతురి ట్యూషన్‌కి వెళ్తుందని, మొదటిసారి ఇంట్లో ఎవర్నీ అడగకుండా అమ్మ దగ్గరికి వెళ్లొస్తున్నానని, ఆగి ఆగి అయినా ఇంగ్లిష్‌లోనే చెప్పారు.

ఆవిడ ఎదురుగా కూర్చున్న కుర్రాడి నాన్న షేర్ ఆటో నడుపుతారు. వాడు కాసేపు టికెట్ వంక చూస్తూ ఊరుకున్నాడు, తర్వాత ‘మేడమ్, మై ఫాదర్ లాస్ట్ దీజ్ పాసెంజర్స్ ఓన్లీ’ అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. మేడమ్ ‘ఐ నో, బట్…’ అని ఆగి, ‘ఐ డిడ్ నాట్ థింక్ అబౌట్ హిమ్’ అన్నారు. అక్కడి నుంచి నలభై నిమిషాలు ఎవరూ వాచీ చూడలేదు. పథకం ఉండాల్సిందే గానీ ఆటోవాళ్లకి ఏదైనా ఇవ్వాలా, ఇస్తే ఎక్కడి నుంచి, ఆదాయం బట్టి పెట్టాలా, పెడితే కండక్టర్ ఎలా చూస్తాడు, బస్సులు పెంచకుండా ప్రయాణికుల్ని పెంచితే నిలబడి వెళ్లేవాళ్ల పరిస్థితేంటి. ఒక్కో దారిలో లాభనష్టాలు చెప్పడం అంటే ఇదే కదా! నేను నేర్పలేదు, వాళ్లకి చెప్పాల్సింది ఉంది కాబట్టి వచ్చింది.

వార్తల మీద మాట్లాడిస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది, దీని గురించి ఏ స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. తెలుగులో మనకి ‘అంట’ అని ఒక చిన్న మాట ఉంది. విన్నది వేరు, చూసింది వేరు అని చెప్పడానికి మనం పెద్ద కష్టపడక్కర్లేదు, చివర్లో ‘అంట’ తగిలిస్తే చాలు. కంచ గచ్చిబౌలి గొడవ గుర్తుందా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు, 2025 మార్చి నెలాఖరులో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. ఆ వారం మా గ్రూప్‌లో ఒకాయన తెలుగులో ‘రాత్రిపూట కూడా కొట్టేశారంట, జింకలు రోడ్డు మీదికొచ్చాయంట’ అన్నాడు, అదే ఇంగ్లిష్‌లో చెప్పమంటే ‘దే కట్ ట్రీస్ ఎట్ నైట్, డీర్ కేమ్ టు ద రోడ్’ అన్నాడు. ‘అంట’ రెండు చోట్లా ఎగిరిపోయింది, విన్నమాట కాస్తా కళ్లారా చూసిన సాక్ష్యమైపోయింది. అదే వారం ఏఐతో చేసిన ఫొటోలు కూడా ఫోన్లలో తిరిగాయి, అంటే ఏది విన్నది ఏది చూసింది అనే తేడా ఆ వార్తకి ప్రాణం లాంటిది. ‘అపేరెంట్లీ’, ‘ఐ హర్డ్ దట్’, ‘రిపోర్టెడ్లీ’, కేసుల సంగతైతే ‘అలెజెడ్లీ’, ఈ నాలుగూ ఆ రోజు బోర్డు మీద రాశాను. ‘వెళ్లుంటాడు’, ‘అయ్యుంటుంది’ అంటామే, దానికి ‘మస్ట్ హావ్’ వాడాలని అందరికీ తెలుసు, ఖాళీలు పూరించమంటే టకటకా రాస్తారు, నోటికి మాత్రం వార్త మాట్లాడినప్పుడే వస్తుంది.

ఇంకో పద్ధతి కూడా చెప్తాను. వాదన వేడెక్కినప్పుడు మనవాళ్లు టక్కున తెలుగులోకి దిగిపోతారు, చాలామంది టీచర్లు అక్కడ ‘నో తెలుగు’ అని అరుస్తారు, నేను మాత్రం అప్పుడే పెన్ను తీస్తాను. ఎందుకంటే సరిగ్గా ఏ మాట దగ్గర తెలుగులోకి దిగారో ఆ మాటే వాళ్లకి కావాల్సింది. అట్లా రాసుకుంటూ పోతే ఏం దొరికాయో చూడండి: ‘ఆ మాటకొస్తే’, ‘అలాగని’, ‘ఏ మాటకామాటే చెప్పుకోవాలి’, ‘ఎంతైనా’, ‘పోనీ అలాగే అనుకుందాం’. ఒక్కటి కూడా కష్టమైన సబ్జెక్టు మాట కాదు. డీలిమిటేషన్, ఆర్డినెన్స్, స్టే, బెయిల్, టెండర్ లాంటివి మనకి తెలుగు పేపర్లే ఎప్పుడో నేర్పేశాయి. లోటంతా ఒక వాదనని ఇంకో వాదనకి ముడేసే మాటల్లో ఉంది. ‘ఆ మాటకొస్తే’ దగ్గర ‘ఫర్ దట్ మేటర్’, ‘ఏ మాటకామాటే’ దగ్గర ‘టు బి ఫెయిర్’, ‘అలాగని’ దగ్గర ‘బట్ దట్ డజ్ నాట్ మీన్’ అని పక్కపక్కన రాసిస్తే కుర్రాళ్ల ముఖం వెలిగిపోతుంది, ఎందుకంటే ఆ మాట వాడాల్సిన అవసరం వాళ్లకి రెండు నిమిషాల క్రితమే వచ్చింది.

అంకెల దగ్గర మనవాళ్లు బాగా తడబడతారు. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ హెచ్-1బీ కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అని సంతకం పెట్టినప్పుడు మన తెలుగు ఇళ్లల్లో ఆ శని ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు, సెలవుకి వచ్చినవాళ్లు రాత్రికి రాత్రి టికెట్లు మార్చుకున్నారు. మా గ్రూప్‌లో ఒకావిడ తమ్ముడు అక్కడే. ఆవిడ ‘వన్ లాక్ డాలర్స్’ అంటూ మాట్లాడింది, మనకి అర్థమవుతుంది, రేపు ఆవిడ మాట్లాడాల్సిన మనిషి ఒహాయోలో ఉంటే అర్థం కాదు, ‘ఎ హండ్రెడ్ థౌజండ్’ అనాలి. పది లక్షలు మిలియన్, కోటి అంటే పది మిలియన్లు, ఈ లెక్క చూసి రాయడం వేరు, మాట్లాడుతూ మార్చడం వేరు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు వద్దన్నారు కదా, పాటించని కంపెనీకి జరిమానా 49.5 మిలియన్ ఆస్ట్రేలియా డాలర్ల దాకా. దాన్ని కోట్లలో చెప్పమంటే బ్యాంకులో పనిచేసేవాళ్లు కూడా ఒక క్షణం ఆగారు (నాలుగు కోట్ల తొంభై అయిదు లక్షలు). హెచ్-1బీ వార్తలో ఇంకో మంచి సంగతి, అది రెండు రోజుల్లో మారింది. మొదట ఏటేటా కట్టాలన్నారు, మర్నాడు వైట్‌హౌస్ ఒక్కసారే అంది, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి వర్తించదంది. మొదట ఏం అన్నారు, తర్వాత ఏం సరిదిద్దారు, ఇప్పుడు మన దగ్గర ఖాయంగా ఉన్నదేంటి అని వరసగా చెప్పాలంటే టెన్సులన్నీ వాటంతటవే పనిలోకి దిగుతాయి.

అన్నిటికంటే ఎక్కువసేపు నడిచింది మాత్రం మీడియం గొడవ. 2019 నవంబర్‌లో ఏపీ ప్రభుత్వం సర్కారు బడుల్ని ఇంగ్లిష్ మీడియంలోకి మారుస్తూ జీవో 81 తెచ్చింది, అదే నెలలో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా అని జీవో 85తో సవరించింది, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండిటినీ కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంది. మా గ్రూప్‌లో సగం మంది తెలుగు మీడియం వాళ్లే. ఒకతను ప్రకాశం జిల్లా నుంచి, ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో క్లాసులో నోరు తెరవలేక నాలుగు నెలలు వెనక బెంచీలో కూర్చున్న సంగతి చెప్పాడు, అందుకే నా పిల్లలకి ఇంగ్లిష్ మీడియమే అన్నాడు. ఇంకొకావిడ నేను లెక్కలు తెలుగులో చదివాను కాబట్టే అర్థమైంది, ఇప్పుడు నా కొడుక్కి నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు గానీ ఒక్కటీ వివరించలేడు అంది. ఇద్దరూ ఇంగ్లిష్‌లోనే, ఇద్దరి గొంతూ వణికింది. ఇలాంటి టాపిక్ మీద అభిప్రాయం ఎవరూ బట్టీ కొట్టి తెచ్చుకోరు. నాకైతే ఇప్పటికీ ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది, రెండో భాష బాగా రావాలంటే మొదటి భాషలో వాదించడం వచ్చుండాలి అని మాత్రం ఆ రోజు గట్టిగా నమ్మకం కుదిరింది.

మరి ఇన్‌స్టిట్యూట్లు ఆ పాత కాగితమే ఎందుకు పట్టుకున్నాయి అంటే, వాళ్ల భయం నాకు తెలుసు. ఉచిత బస్సు అనగానే పార్టీ వస్తుంది, రిజర్వేషన్ అనగానే కులం వస్తుంది, క్లాసులో గొడవైతే రేపు ఎవరో ఒకరు మానేస్తారు. గ్లోబల్ వార్మింగ్‌తో ఎవరికీ పేచీ లేదు, టీచర్‌కి తయారయ్యే పని కూడా లేదు. ఆ భయం ఉత్తదేం కాదు, మా దగ్గర కూడా ఒకసారి ఇద్దరు కుర్చీల్లోంచి లేచారు. అప్పటి నుంచి ప్రశ్న మనిషి మీద పెట్టడం మానేశాను, ఒక నిర్ణయం మీదే పెడతాను. ఫలానా సీఎం మంచోడా అని అడిగితే అరుపులే, ఈ పథకంలో నువ్వు ఒక్కటి మార్చగలిగితే ఏది మారుస్తావు అని అడిగితే ఆలోచన మొదలవుతుంది. సగంలో పక్షాలు కూడా మార్పిస్తాను, ఆటో కుర్రాడు మేడమ్ వైపు, మేడమ్ ఆటో వైపు.

ముందు తయారవ్వడానికి పెద్దగా ఏం అక్కర్లేదు, ఒకే వార్త ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లిష్ పేపర్లో చదువుకుని రమ్మంటాను. తెలుగులో ‘కోర్టు మొట్టికాయలు’ అని ఉన్నచోట ఇంగ్లిష్‌లో ఏం రాశారు, ఏ వివరం ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేదు, అదే మొదటి పది నిమిషాల మాట. కాలేజీల్లో కూడా ఇది చేయొచ్చు, లైబ్రరీలో రెండు పేపర్లూ వస్తూనే ఉన్నాయి.

ఈ శనివారం డీలిమిటేషన్, అంటే జనాభాని బట్టి సీట్లు మళ్లీ పంచే సంగతి పెట్టుకున్నాం. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లు అనేది దశాబ్దాలుగా 1971 జనాభా లెక్కల మీదే నడుస్తూ వచ్చింది, ఏపీకి 25, తెలంగాణకి 17, జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలు నష్టపోవాలా అన్నది ప్రశ్న. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఒక్కో మహిళకి సగటు పిల్లల సంఖ్య ఏపీలో 1.7, తెలంగాణలో 1.8, ఈ అంకెలు అందరికీ ముందే పంపించాను. ఆటో కుర్రాడు నేను ఉత్తరప్రదేశ్ ఎంపీగా మాట్లాడతాను అన్నా అని మెసేజ్ పెట్టాడు, ఒక మనిషికి ఒక ఓటు అనే వాదన గట్టిదే కదా అని అడిగాడు. మేడమ్ మన వైపు. ‘అలాగని’కి ఇంగ్లిష్ ఏంటో మళ్లీ ఒకసారి రాసి పంపమని అడిగారు.