ముక్కు కుర్చీలో నోరు ఇన్‌చార్జి

బల్లార్షా, చంద్రపూర్, రాజూరా, సిరొంచ ప్రాంతాల తెలుగు ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా: ఊపిరి శాఖలో ముక్కు అనే అధికారి ఉండగానే, ఆ కుర్చీలో నోరు ఇన్‌చార్జిగా కూర్చుని ఏళ్ల తరబడి ఫైళ్లు నడుపుతోంది. ఆర్డరు ఎవరిచ్చారో రికార్డుల్లో లేదు. జరిమానా మాత్రం పళ్లు కడుతున్నాయి.

ఒకే పనికి ఇద్దరు అధికారులుండటం చంద్రపూర్ జిల్లాకు కొత్త కాదు. జివతి తాలూకాలో 14 ఊళ్లను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావంటే మావంటాయి. అక్కడి జనానికి రెండు రేషన్ కార్డులైనా దక్కాయి. ఒక్క గాలికి రెండు దారులున్నందుకు మనకు దక్కింది పుచ్చిన పళ్లు.

ముక్కు సర్వీసు రికార్డు తిరగేస్తే కనబడేది ఇది. లోపలి వెంట్రుకలు, చీమిడి కలిసి బొగ్గు దుమ్మును గుమ్మంలోనే పట్టుకుంటాయి. సాక్ష్యం కావలసినవారు గని రోడ్డు మీద బండి నడిపి వచ్చాక చేతిరుమాలు చూసుకోవచ్చు. లోపలి మడతలు గాలికి తేమ పట్టించి, ఒంటి వేడికి తెచ్చి కిందికి పంపుతాయి. డిసెంబరు చలైనా, 45 డిగ్రీలు దాటిన మే వడగాలైనా అదే డ్యూటీ. పక్క ఎముకల్లోని గాలి గదుల్లో, అంటే సైనస్‌లలో, తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ ముక్కుతో పీల్చిన గాలిలో కలిసి ఊపిరితిత్తుల రక్తనాళాలను సడలిస్తుంది. ఈ వాయువు రక్తనాళాలకు సంకేతాలు మోస్తుందని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

నోటి అర్హత: వెడల్పు.

ముక్కు మీద వచ్చే పెద్ద ఫిర్యాదు ఎప్పుడూ ఏదో ఒక పక్క బిగుసుకుంటుందని. అది రోగం కాదు, షిఫ్టు. రెండు రంధ్రాలూ కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయని కైజర్ అనే జర్మన్ వైద్యుడు 1895లోనే రాసిపెట్టాడు. బొగ్గుబాయిలో మూడు షిఫ్టులు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పాలా?

ఇక ఇన్‌చార్జి పాలన సంగతి. నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. తిన్నాక నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే కిందికి పోతే పంటి పింగాణీ కరగడం మొదలవుతుంది. ఆ పీహెచ్‌ను మళ్లీ పైకి లాగేది లాలాజలమే. రాత్రి పూట అసలే ఊరేది తక్కువ. ఆ కాస్తనూ తెరిచిన నోటితో ఆరబెట్టుకుంటాం. పొద్దున లేచి చూస్తే నాలుక పిడచగట్టి ఉంటుంది, పెదవి కప్పని మేర పైచిగురు ఎర్రగా వాచి ఉంటుంది, దుర్వాసన సంగతి ఇంట్లోవాళ్లు చెబుతారు. దీనికి మన పరిష్కారం ఖరీదైన పేస్టు, మంటపుట్టే మౌత్‌వాష్. రెండు నిమిషాలు తోమి, పుక్కిలించి, ఎనిమిది గంటలు నోరు బార్లా తెరిచి పడుకోవడం.

పిల్లల విషయంలో ఇంకా ఉదారంగా ఉంటాం. పిల్లాడు నోరు తెరిచి గురక పెడితే "బాగా అలిసిపోయిండు, మంచి నిద్ర పట్టింది" అని నాయనమ్మ మురిసిపోతుంది. వారంలో మూడు రాత్రులకు మించి గురక పెట్టే పిల్లాడికి ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ పెరిగి ఉండవచ్చు. అలాగే వదిలేస్తే అంగిలి ఇరుకై, పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కవచ్చు. అప్పుడు క్లిప్పులకు డబ్బు కూడబెట్టుకోవాలి.

ఈమధ్య ఫోన్లలో చూసి రాత్రి నోటికి టేపు అంటించుకునే ప్రజలు బయల్దేరారు. అసలు అధికారి డ్యూటీలో చేరకముందే ఇన్‌చార్జిని గదిలో పెట్టి తాళం వేయడమంటే ఇదే. ముక్కు మూసుకుపోయినవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లు, తాగి పడుకునేవాళ్లు, పిల్లలు టేపు జోలికి పోకూడదు.

ముందు విచారణ జరగాలి. ఒక పుక్కిలి నీళ్లు నోట్లో పట్టుకుని మూడు నిమిషాలు కూర్చోండి. మన వైపు అంతసేపు మాట్లాడకుండా ఉండటమే కష్టం. ఉండగలిగితే ముక్కు పనిచేస్తోంది, నోటిది ఉత్త దురలవాటు. ఉండలేకపోతే ముక్కు పక్క చెంపను వేలితో చెవి వైపు లాగి చూడండి. గాలి సులువుగా ఆడితే రంధ్రం ఇరుకో, నడిమి గోడ వంకరో అయి ఉండవచ్చు. ఈఎన్‌టీ డాక్టరు చూడాలి.

దుమ్ముతో బిగిసిన ముక్కుకు ఉప్పునీళ్లు చాలు. కాచి చల్లార్చిన నీళ్లు 240 మిల్లీలీటర్లు, అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూనుకు పిసరు తక్కువ, చిటికెడు తినే సోడా. ఉప్పు తగ్గినా పెరిగినా ముక్కు మండుతుంది. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు నేరుగా పోయకండి. అరుదుగానైనా వాటిలో ఉండే అమీబా ముక్కు దారినే మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. ముందుకు వంగి, తల పక్కకు వాల్చి, పై రంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి వస్తుంది. పోసేంతసేపూ నోటితోనే ఊపిరి పీల్చాలి. ఇన్‌చార్జికి ఇచ్చే సక్రమమైన ఆర్డరు ఇదొక్కటే. తర్వాత ఒక్కో పక్కే మెల్లగా చీదాలి. బలంగా చీదితే నీళ్లు చెవిలోకి తంతాయి.

బిగిసిన ముక్కు తెరవడానికి మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే ఆక్సీమెటాజోలిన్ చుక్కలు మూడు రోజులు బాగానే పనిచేస్తాయి. అలాగే కొనసాగిస్తే చుక్క పడందే ముక్కు ఫైలు కదల్చదు. పోయినేడు గడ్డితోనే ఈ ఏడూ తిరిగే కూలర్‌ది మరో పుణ్యం: దాని బూజు రాత్రంతా ముఖాన కొడుతుంది. గడ్డి మార్చి, పాత నీళ్లు పారబోయండి.

చివరగా, పాన్ ఠేలా వర్గం ఒక అభ్యంతరం దాఖలు చేసింది. ఖర్రా (వక్క, పొగాకు కలిపి రుద్దిన నములుడు సరుకు) దవడన పెట్టుకుంటే నోరు తెరవం కాబట్టి ఊపిరంతా ముక్కుతోనే నడుస్తుందట. వాదనలో తప్పు లేదు. 2012లో మహారాష్ట్ర గుట్కాను నిషేధించింది, ఠేలా దగ్గర ప్లాస్టిక్ కాగితంలో వక్క, పొగాకు, సున్నం వేసి రుద్దే చెయ్యి ఆగలేదు. ఆ వక్క దవడ లోపలి పొరను నారలా గట్టిపరుస్తుంది. ముందు కారం తగిలితే మంట, తర్వాత జొన్నరొట్టె ముక్క పట్టదు. మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే అది క్యాన్సర్‌కు ముందు మెట్టు కావచ్చు. ముక్కు కేసు తర్వాత చూసుకోవచ్చు, రేపు పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గరికి పోండి.