కౌన్సెలర్ గారి జేబులోని సిగరెట్ పెట్టెకి

మహారాజశ్రీ సిగరెట్ పెట్టె గారి సముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి, సార్ పనిచేసే తాగుడు మాన్పించే కేంద్రంలోని ఒక పాత పేషెంటు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. నెలన్నరగా మందు ముట్టలేదు. తమరు సార్ చొక్కా జేబులోనే క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పల్చటి తెల్ల చొక్కా కావడంతో తమరి ఒంటి మీది కుళ్లిన గొంతు బొమ్మ బయటికి కనిపించేది. దాన్ని గుండెకి ఆనించుకునే సార్ మాకు వ్యసనం మనిషిని ఎలా తినేస్తుందో క్లాసు చెప్పేవారు.

చేర్చుకున్న రోజు ఫారం నింపారు. సారా ఎంత, గంజాయి ఉందా, నిద్రమాత్రలు మింగుతావా, అన్నీ అడిగారు. రోజుకి రెండు కట్టల బీడీలని నేనే చెబితే, "అది అలవాటు, వ్యసనం కాదులే" అని పెన్ను మూసేశారు. నా పక్క మంచం మీది గుణుపురం అన్న రోజుకి నాలుగుసార్లు గుడాకుతో పళ్లు తోముకునేవాడు. పొగాకూ బెల్లం మడ్డీ కలిపిన ఆ నల్లముద్ద సంగతి సార్‌కి తెలీదు. అతని కాగితంలో "శుభ్రత బాగా పాటిస్తాడు" అని రాశారు.

2016-17 సర్వేలో ఒడిశా పెద్దవాళ్లలో 45.6 శాతం మంది ఏదో ఒక రకంగా పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఇంతమందికి ఆ ఫారంలో ఒక్క గడి లేదు.

మా అమ్మమ్మ సంగతీ చెప్పాను. ఆవిడది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని పప్పు రుబ్బుకునేది. అంగిలి తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు. 1936లో గీత గీసి మహేంద్రతనయకి అవతల పాతపట్నాన్ని అటు ఉంచి, మమ్మల్ని ఒడిశాలో కలిపారు గానీ, చుట్టకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు గట్ల మీదా ఆడవాళ్ల నోళ్లు అలాగే కాలాయి. "దీనివల్ల అంగిలికి కేన్సర్ వస్తుందట కదా సార్" అంటే, "నిప్పు లోపల పెట్టుకుంటే రాదా మరి? మనం బయట పెట్టుకుంటాం కదా" అన్నారు.

అసలు కౌన్సెలింగ్ పదకొండు గంటలకి, వెనక నూతిగట్టు దగ్గర. తమరు జేబులోంచి బయటికొచ్చేవారు, మేమంతా చుట్టూ చేరేవాళ్లం. "రెండూ ఒకేసారి మానితే మళ్లీ మందులోకి జారిపోతారు" అని అక్కడే సెలవిచ్చేవారు. అది సార్ మాటో, తమరు చెప్పించిన మాటో!

ఎందుకంటే నర్సింగ్ చదివే మా మేనకోడలు వేరేలా చెప్పింది. 2004లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, చికిత్సలోనే పొగ మాన్పించే సాయం కూడా అందినవాళ్లు మందుకీ మత్తుకీ దూరంగా నిలబడే అవకాశం 25 శాతం ఎక్కువని తేలిందట. 1996లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు, తమ దగ్గర మందుకీ మత్తుకీ చికిత్స చేయించుకున్నవాళ్ల చావుల లెక్క బయటపెట్టారు. సగానికి పొగాకు కారణం, మూడో వంతుకి మందు. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్‌ని పెట్టినవాళ్లలో ఒకడైన బిల్ విల్సన్ 1934లో తాగుడు మానాడు, ఆ తర్వాత 36 ఏళ్లకి, 1971లో, పొగ పాడుచేసిన ఊపిరితిత్తులతోనే పోయాడు. మందు చేతిలోంచి తప్పించి తమరికి అప్పజెప్పడమన్నమాట. నా విషయంలోనూ తమరి వర్గానికి లోటు చేయలేదు. రెండు కట్టలు నాలుగయ్యాయి.

పంపించే రోజు సార్ దండ వేసి, చెయ్యి కలిపి, చెవిలో "అగ్గిపెట్టె ఉందా?" అన్నారు. ఇచ్చాను.

ఇట్లు,
తమరి పేద బంధువు బీడీకట్ట తరఫున,
విధేయుడు.

తా.క.: పొగాకు మానాలంటే ఫోన్ చేయమని 1800-11-2356 నంబరు తమరి ఒంటి మీదే అచ్చువేశారు. సార్‌కి తెలిసే దారి లేదు. మూత తీసేటప్పుడు ఆయన బొటనవేలు సరిగ్గా దాని మీదే పడుతుంది.