తవ్వేటప్పుడు రాయి, తడిస్తే బురద

షేల్, మడ్‌స్టోన్ లాంటి మెత్తని అవక్షేప శిలల్లో రైలు మార్గం వేసేటప్పుడు అందరూ ముందుగా చూసేది రాయి బలం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, తడిసి ఆరితే అది ఎంతకాలం నిలుస్తుందన్నది. 10 మెగాపాస్కల్ ఒత్తిడిని తట్టుకున్న నమూనా కూడా రెండు మూడుసార్లు తడిసి ఆరేసరికి పెళ్లలుగా ఊడిపోవచ్చు.

ఇది తేల్చే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. 40-60 గ్రాముల ముక్కలు పదింటిని ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ డ్రమ్ములో వేసి, నీటిలో నిమిషానికి 20 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పుతారు. మళ్లీ ఆరబెట్టి, రెండోసారి తిప్పి, ఆరాక మిగిలినదాన్ని తూస్తారు. అయితే బోరులోంచి తీసిన కోర్‌కు, అంటే కడ్డీలా వచ్చే రాతి నమూనాకు, వెంటనే ప్లాస్టిక్ చుట్టి మైనం పూయాలి. లేకపోతే పెట్టెలోనే బీటలు వారి, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

పట్టాల కోసం కొండను కోసే కటింగ్‌లో ఒక షిఫ్టులో కప్పగలిగినంత మేరే తెరవాలి. చివరి పొరను వదిలిపెట్టి, షాట్‌క్రీట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు పూత) సిద్ధమయ్యాకే చెక్కాలి. ఆ పూత వెనక నీరు చేరితే పూతనే నెట్టేస్తుంది. అందుకే బయటికి వాలుగా నీటి గొట్టాలు తప్పనిసరి. తవ్విన రాయిని పట్టాల కింద పోసే కట్టకు వాడితే పెద్ద ముక్కల మధ్య ఖాళీలుంటాయి. అవి నాని చిట్లాక కట్ట కుంగుతుంది. ముందే పిండి చేసి, 200-300 మిల్లీమీటర్ల పొరలుగా, మట్టిలాగే రోలర్‌తో తొక్కించాలి.

సొరంగంలో అందరి కళ్లూ పైకప్పు మీదే. నిజానికి చెడేది నేల. డ్రిల్లింగ్ నీరు, డంపర్ల టైర్లు కలిసి దాన్ని రొచ్చు చేస్తాయి. అడుగు కాంక్రీటు ఆలస్యమైతే పక్క గోడలు లోపలికి జరుగుతాయి, నేల ఉబ్బుతుంది. ఆ పొరపాటు రైళ్లు తిరిగాకా వదలదు: చక్రాల బరువుకు బురద కంకరలోకి ఎగదన్ని, పట్టాల మట్టం చెడుతుంది.

పొరల క్రమమూ అంతే ముఖ్యం. ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్ వారెన్ వద్ద సుద్దరాయి కింద గాల్ట్ బంకమట్టి ఉంది. 1915 డిసెంబరు 19న కొండవాలు జారి పట్టాలను మోసుకుపోయింది. 1919 దాకా ఆ మార్గం మూతపడింది. అదే గాల్ట్ బంకమట్టికి పైన, నీటిని అంతగా చొరనివ్వని సుద్దమార్ల్ (బంకమట్టి కలిసిన సుద్దరాయి) పొరను వెతికి పట్టుకుని, ఎక్కువ దూరం అందులోనే సాగారు 1994లో ప్రారంభమైన చానెల్ సొరంగం ఇంజినీర్లు. పగుళ్లు ఎక్కువున్న ఫ్రాన్స్ వైపు మాత్రం నీటి ఒత్తిడిని ఆపగల, ముందు భాగం మూసిన తవ్వకపు యంత్రాలు దించారు.

ఇన్ని తెలిసీ తప్పు జరగడానికి కారణం చాలాసార్లు టెండరులోనే ఉంటుంది. ఘనపు మీటర్ల తవ్వకానికే డబ్బిస్తే ఏ కాంట్రాక్టరైనా తవ్వుకుంటూనే పోతాడు. తొలి పూతకు, నీటి కాలువలకు విడి పద్దు పెట్టాలి. అవి పూర్తి కానిదే ఆ మేర తవ్వకం బిల్లు పాస్ చేయకూడదు.