షుగర్ ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది ఎండీఏనా, ఎల్‌డీఎల్‌నా?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు వచ్చేది ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఒంట్లో చురుకైన ఆక్సిజన్ రకాలు పెరిగి కణాలను దెబ్బతీయడం) వల్లేనట, కొలెస్ట్రాల్ వల్ల కాదట. ఎండీఏ (మలోండయాల్డిహైడ్, కొవ్వులు ఆక్సీకరణకు గురైతే పుట్టే పదార్థం) అనే రక్తపరీక్ష చేయిస్తే ముప్పు ముందే తెలిసిపోతుందట. విటమిన్ ఇ, సి బిళ్ళలు వేసుకుంటే ఆ ముప్పు పోతుందట, ఇక స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ళ) మానేయొచ్చట. నేను ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ చూసేవాణ్ణి. పూర్తి అబద్ధమైతే పట్టించుకునేవాణ్ణి కాదు. ఇందులో కొంత నిజం ఉంది, చిక్కంతా దానితోనే.

ముందు ఆ నిజం సంగతి. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే రక్తనాళాల లోపలి పొర కణాల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రకాన్ని అతిగా పుట్టిస్తుంది. షుగర్ తెచ్చే రకరకాల నష్టాలకు ఇదే మూలమని మైకేల్ బ్రౌన్‌లీ 2001లో నేచర్ పత్రికలో వివరించారు. అయితే అక్కడి నుంచి ‘కొలెస్ట్రాల్ కాదు’ అనే మాటకు దూకడమే తిరకాసు. రక్తనాళం గోడలో ఆక్సీకరణకు గురయ్యేది ఏమిటి? ఎల్‌డీఎల్లే కదా, అంటే చెడు కొలెస్ట్రాలే! అలా చెడిన ఎల్‌డీఎల్‌ను మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు మింగి ఉబ్బిపోతే అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఈ కథలో నుంచి ఎల్‌డీఎల్‌ను తీసేస్తే ఇంక కథే లేదు.

ఇక ఎండీఏ పరీక్ష. దీన్ని ఎక్కువగా చేసే పద్ధతి చూస్తే మీకే అర్థమవుతుంది. సీరమ్‌లో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తాం. గులాబీ రంగు వస్తుంది. అది ఎంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. గొడవేమిటంటే ఆ ఆమ్లం ఎండీఏ ఒక్కదాంతోనే కలవదు. వేరే ఆల్డిహైడ్లు, కొన్ని చక్కెరలు, బిలిరుబిన్ కూడా లెక్కలో చొరబడతాయి. పైగా పొద్దున వైట్‌ఫీల్డ్‌లో తీసిన రక్తం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మధ్యాహ్నానికి ల్యాబ్‌కు చేరిందనుకోండి, ఆక్సీకరణ ట్యూబులోనే సాగుతుంటుంది. సూది సరిగ్గా పడక ఎర్రకణాలు చితికినా అంకె మారిపోతుంది. అప్పుడు రిపోర్టులో కనబడేది మీ గుండె పరిస్థితా, మా కొరియర్ కుర్రాడి ప్రయాణమా?

కొవ్వుల ఆక్సీకరణను చూపే మరో రకం మార్కర్లు, ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు, ఇంతకంటే నమ్మదగినవి. కానీ వాటికి మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం కావాలి, ప్లాస్మాను మైనస్ 70 డిగ్రీల చలిలో దాచాలి. పరిశోధనకు సరే, వీధి చివర కలెక్షన్ సెంటర్‌కు ఎక్కడ కుదురుతుంది?

షుగర్‌తో పాటు గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఈ మార్కర్లు సగటున ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ అది గుంపుల మధ్య తేడా. ఒక్క మనిషి అంకె పట్టుకుని ‘మీకు ముప్పుంది’ అనడానికి అందరూ ఒప్పుకున్న హద్దంటూ లేదు. యూరప్‌లో షుగర్ ఉన్నవాళ్ళ గుండె ముప్పు లెక్కించడానికి 2023లో వచ్చిన స్కోర్2-డయాబెటిస్ చూడండి: వయసు, ఆడా మగా, పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్), కిడ్నీ పనితీరు, షుగర్ ఏ వయసులో బయటపడింది. ఎండీఏ ఊసే లేదు.

విటమిన్ల మాటకొస్తే, ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. 2000లో వెలువడిన హోప్ ట్రయల్‌లో 9,500 మందికి పైగా పాల్గొన్నారు, వాళ్ళలో 3,600 మందికి పైగా షుగర్ ఉన్నవాళ్ళే. సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ నాలుగున్నరేళ్ళ పాటు ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. ఆ అధ్యయనాన్నే ఇంకొన్నేళ్ళు పొడిగించి చూస్తే, విటమిన్ వేసుకున్నవాళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువగా కనబడిందని 2005లో ప్రకటించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టైంది. హాప్టోగ్లోబిన్ అనే రక్తప్రోటీన్‌కు సంబంధించిన 2-2 జన్యురకం ఉన్న షుగర్ పేషెంట్లకు విటమిన్ ఇ పనికొచ్చిందని 2008లో ఇజ్రాయెల్ అధ్యయనం ఒకటి చెప్పింది, అదీ ఆసక్తికరమే. కాకపోతే ఫార్వర్డ్ పంపేవాళ్ళు ఎవరి జన్యురకమూ అడగట్లేదు. విటమిన్ సి కోసం ఉసిరికాయ పచ్చడంటారా, నిక్షేపంగా తినండి, ఉప్పు చూసుకుని.

అన్నిటికంటే ప్రమాదం చివరి సలహాతోనే. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన మాస్టారొకరు లిఫ్ట్ దగ్గర ఆపి, "బాబూ, కొలెస్ట్రాల్ బిళ్ళ ఇంక అక్కర్లేదటగా?" అన్నారు. "అయ్యో, ఆపకండి మాస్టారూ" అన్నాను. బ్రిటన్‌లో జరిగిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ గురించి కూడా చెప్పాను. 2002లో ఫలితాలొచ్చాయి, 20,536 మంది. ఆ మనుషుల్లోనే ఒకపక్క ఇ, సి, బీటా కెరోటిన్‌లను, ఇంకోపక్క 40 మిల్లీగ్రాముల సింవాస్టాటిన్‌ను పరీక్షించారు. విటమిన్లతో రక్తంలో విటమిన్ ఇ దాదాపు రెట్టింపైంది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. స్టాటిన్‌తో గుండెపోట్లు, పక్షవాతాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 2004 నాటి కార్డ్స్ ట్రయల్‌లోనైతే 2,838 మందీ టైప్ 2 షుగర్ వాళ్ళే, అప్పటిదాకా గుండెజబ్బు లేనివాళ్ళే. 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్‌తో గుండె, రక్తనాళాల పెద్ద సమస్యలు 37 శాతం తగ్గాయి. లాభం అంత స్పష్టంగా కనబడటంతో దాన్ని అనుకున్నదానికి రెండేళ్ళ ముందే ఆపేశారు.

"మరి అది షుగర్ పెంచుతుందంటారే?" అన్నారు మాస్టారు. పెంచుతుంది, కొంచెం. దానికోసం ఇంత లాభం వదులుకోనక్కర్లేదు. ఒళ్ళునొప్పులొస్తే డాక్టర్‌కు చెప్పండి, డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు.

ఎండీఏ ప్యాకేజీకి డబ్బు తీసి పెట్టుకున్నవాళ్ళుంటే, దాంతో ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ చేయించండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా. చాలామంది చేయించనిది ఈ చివరిదే. కిడ్నీతో పాటు గుండెకున్న ముప్పు కూడా అందులో తెలుస్తుంది.