చీటీ మేస్త్రిది, డబ్బు ఇంటాయనది

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళ జేబులో ఒక చీటీ ఉంటుంది. సిగరెట్ పెట్టె అట్ట మీదో, పాత క్యాలెండర్ కాగితం వెనకో మేస్త్రి రాసిచ్చిన పైపు సామాను చీటీ. ‘ముప్పావు ఎల్బో 6, టీ 4, అరంగుళం ఎండ్ క్యాప్ 2, సొల్యూషన్ 1, టెఫ్లాన్ టేపు 2.’ కింద ఫలానా కంపెనీవే తేవాలని ఒక ముక్క. ఒక్కోసారి ఫలానా అంగట్లోనే తేవాలని ఇంకో ముక్క. కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల ఏ హార్డ్‌వేర్ అంగడి ముందు నిలబడినా పొద్దున పూట చేతుల్లో ఈ చీటీలే కనిపిస్తాయి.

ఇప్పుడు ఊరి అంచున పెద్ద షోరూములు లేస్తున్నాయి. టైల్స్, కుళాయిలు, రంగులు, వైర్లు, తలుపు గొళ్ళాలు అన్నీ ఒకేచోట, ఏసీలో తిరుగుతూ చూసుకోవచ్చు. పాత అంగళ్ళవాళ్ళు కూడా అద్దాలు బిగించి, కంప్యూటర్ పెట్టి, తామేం తక్కువ అంటున్నారు. పోటీ పెరిగింది కాబట్టి ధర దిగుతుంది, మర్యాద పెరుగుతుంది అని జనం అనుకుంటున్నారు. మాకు అంత నమ్మకం లేదు. అంగళ్ళు పోటీ పడుతున్నది నిజమే, అయితే ఎవరి కోసం పడుతున్నాయన్నది చూడాలి.

ఈ వ్యాపారంలో అందరికన్నా పెద్ద పోటీ అమెరికాలో హోమ్ డిపో, లోస్ అనే రెండు దుకాణాల సంస్థల మధ్య నడుస్తోంది. లోస్ 1921లో నార్త్ కరోలినాలో ఓ చిన్న ఊళ్ళో మొదలైన పాత సంస్థ. హోమ్ డిపోను పెట్టినవాళ్ళు బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్. 1978లో ఉన్న ఉద్యోగాలు పోతే, మరుసటి ఏడాది జూన్‌లో అట్లాంటాలో గోడౌన్ల లాంటి పెద్ద దుకాణాలు తెరిచారు. ధర తక్కువన్నది ఒక్కటే అక్కడికి జనాన్ని లాగలేదు. నారింజ రంగు ఏప్రన్ కట్టుకుని లోపల తిరిగే మనుషుల్లో చాలామంది అంతకుముందు ప్లంబింగో, కరెంటు పనో, వడ్రంగమో చేసినవాళ్ళు. పగిలిన ముక్క చూపిస్తే ఏది కావాలో చెప్పి, ఎట్లా బిగించాలో కూడా చెప్పేవాళ్ళు.

2000 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి రాబర్ట్ నార్డెలి హోమ్ డిపోకు అధిపతిగా వచ్చాడు. ఖర్చు తగ్గించాడు, పార్ట్ టైం వాళ్ళను పెంచాడు. అమ్మకాలు, లాభాలు పెరిగాయి. దుకాణంలోకి వచ్చినవాళ్ళకు మాత్రం అడుగుదామంటే మనిషి దొరకలేదు. 2005లో అక్కడి వినియోగదారుల సంతృప్తి సూచీలో హోమ్ డిపోకు వందకు 67 మార్కులొస్తే, లోస్‌కు అంతకన్నా 11 ఎక్కువ వచ్చాయి. 2007 జనవరిలో నార్డెలి వెళ్ళిపోయాడు, పోతూ పోతూ దాదాపు 21 కోట్ల డాలర్లు పట్టుకుపోయాడు. మన మేస్త్రి అంగళ్ళ దగ్గర తీసుకునే కమీషన్ మీద కోపం వచ్చినప్పుడల్లా మాకు ఈ అంకె గుర్తొస్తుంది.

హోమ్ డిపో చైనాకూ పోయింది. 2006లో అక్కడ ఓ సంస్థకున్న 12 దుకాణాలు కొని, 2012 కల్లా మిగిలిన 7 పెద్ద దుకాణాలూ మూసేసింది. ఎవరి ఇంటి పని వాళ్ళే చేసుకునే అలవాటు ఉన్న దేశం కోసం కట్టిన దుకాణం అది. డబ్బులిచ్చి చేయించుకునే దేశంలో సాగలేదు. కడప కూడా అలాంటిదే. మనలో ఎంతమంది ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉంది? ఒక మేకు కొట్టాలన్నా మనిషిని పిలుస్తాం. 2018లో హైదరాబాద్‌లో ఐకియా ఫర్నిచర్ దుకాణం తెరిచినప్పుడు, ఎవరి సామాను వాళ్ళే బిగించుకోవాలన్న పద్ధతికి పేరుపడ్డ ఆ కంపెనీ కూడా బిగించిపెట్టే మనుషుల్ని తానే సమకూర్చాల్సి వచ్చింది.

ఇప్పుడు అమెరికా దుకాణాలు కూడా ఇంటివాళ్ళ కన్నా కాంట్రాక్టర్ల వెంటే ఎక్కువ పడుతున్నాయి. పైకప్పుల పని చేసేవాళ్ళకు సరుకు వేసే ఎస్‌ఆర్‌ఎస్ అనే సంస్థను 2024లో హోమ్ డిపో 1,825 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాది లోస్ కూడా కాంట్రాక్టర్లకు సరుకు వేసే ఇంకో సంస్థను 880 కోట్ల డాలర్లకు కొన్నది. పదే పదే వచ్చేవాడు, ఎక్కువ కొనేవాడు కాంట్రాక్టరే అని వాళ్ళిద్దరికీ అర్థమైంది.

మన ఊళ్ళో అంగడివాళ్ళకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. ఇల్లు కట్టేవాడు జన్మకొకసారి వస్తాడు, మేస్త్రి వారానికి మూడుసార్లు వస్తాడు. అందుకే రంగు డబ్బాలో పెయింటర్ కోసం టోకెన్ ఉంటుంది. ఇప్పుడు అది కోడ్ అయింది, ఫోన్‌తో స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి. వైర్ల కట్టలకూ, స్విచ్చులకూ ఇలాంటి పథకాలే ఉన్నాయి. ఇవి కాక అంగడివాడు విడిగా ఇచ్చే శాతం ఉంటుంది. ఇదంతా చివరికి ఇంటాయన జేబులోంచి పోయేదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారే, అదీ సంగతి. షోరూములొచ్చాక ఈ పద్ధతి పోలేదు సరికదా, మేస్త్రులకు ఫోన్లు చేయడానికి అక్కడ ఒక మనిషే ఉన్నాడు.

మేస్త్రిని తిట్టడం సులువు. అతని వైపు నుంచి చూస్తే, సామాను లెక్క కట్టి, అంగడికి పోయి, బండి మాట్లాడి, ఎండలో నిలబడి ఎక్కించుకు వచ్చినందుకు మనం విడిగా ఏమీ ఇవ్వం. కూలి దగ్గర కూడా యాభై కోసం బేరమాడతాం. ఆ పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని ఇచ్చే ఇల్లు చాలా తక్కువ. ఇవ్వని డబ్బును అతను ఇంకో దారిలో తీసుకుంటున్నాడు, ఆ దారి అంగడివాడికి లాభంగా ఉంది.

మా ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. మొన్న ఎండాకాలం కుళాయి కారుతుంటే మా అటెండర్ లోపలి స్పిండిల్ విప్పి, పేపర్లో చుట్టుకుని ఓ పెద్ద షోరూముకు పోయాడు. టీషర్టు వేసుకున్న పిల్లవాడు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఎవరికో పంపి, పావుగంట చూసి, ‘విడిగా రాదన్నా, సెట్టు మార్చుకోండి’ అన్నాడు. సెట్టంటే వెయ్యి దాటుతుంది. అక్కడి నుంచి సందులోని పాత అంగడికి పోతే, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టి, స్పిండిల్ పళ్ళ మీద బొటనవేలు ఒకసారి ఆడించి, లేవకుండానే వెనక సొరుగు లాగి ఇంకోటి తీసి బల్ల మీద పెట్టాడు. డెబ్బై రూపాయలు. బిల్లు అడిగితే నవ్వాడు. ‘డెబ్బైకి బిల్లేంది సామీ, పట్టకపోతే తెచ్చియ్యి’ అన్నాడు. పట్టింది. నెలన్నర తర్వాత మళ్ళీ కారింది. అప్పటికి గల్లా దగ్గర పెద్దాయన లేడు, కొడుకున్నాడు. మా దగ్గర కాగితం లేదు.

తెలిసిన మనిషి ఒకచోట, కాగితం ఇంకోచోట ఉన్నాయి మన ఊళ్ళో. షోరూములో బిల్లు పక్కాగా ఇస్తారు, కానీ గీజరు లైనుకు తెల్ల యూపీవీసీ పైపు వేస్తే వేడికి మెత్తబడుతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ కావాలి అని చెప్పేవాడు ఉండడు. పాత అంగట్లో ఆ మాట చెబుతారు. ఆ తర్వాత ‘ఎస్టిమేట్’ అని పైన రాసి ఉన్న తెల్లకాగితం చేతిలో పెట్టి, పక్కా బిల్లు కావాలంటే 18 శాతం పైన పడుతుందంటారు. ఆ తెల్లకాగితంతో నాణ్యత గురించి ఎవరినీ నిలదీయలేం.

చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. అయినా ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముక్క అచ్చు వేయించుకుని ధైర్యంగా ఇస్తున్న బిల్లు పుస్తకాలు మన బజార్లో ఎన్నో. 5 లక్షల దాకా విలువైన సరుకు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. ఎల్బోల కోసం ఎవరు తిరుగుతారన్నది వేరే మాట.

కొనేవాడికి సరుకు తెలిస్తే బేరం ఎట్లా ఉంటుందో చూడాలంటే ఎర్రగుంట్లకు పోవాలి. దేశమంతా కడప బండ అని పిలిచే నాపరాయి మనది. వంటగట్టుకూ, అలమర అరలకూ బండలు కావాల్సినవాళ్ళు ఆ యార్డుల్లోకి ఇంటిల్లిపాదీ పోతారు. ముసలమ్మ కూడా బండను వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. కణకణమంటే మంచిది, బొదబొదమంటే లోపల పగులుంది. అంచు పొర లేస్తుందా అని గోరుతో గీకుతుంది. అక్కడ టోకెన్లు లేవు, స్కానింగులు లేవు. మేస్త్రి పక్కనే ఉన్నా, బండ ఏరేది మాత్రం ఇంట్లోవాళ్ళే. మన మట్టిలో పుట్టిన సరుకు కాబట్టి మనకు తెలుసు. అదే ఇంటికి గోడల్లో పూడ్చేసే పైపునూ, వైరునూ చూడకుండా కొంటాం. బండ పగిలితే మార్చుకోవచ్చు, గోడలో పైపు కారితే టైల్స్ పగలగొట్టాలి.

సిమెంటు దగ్గర కూడా ఇంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు ఊళ్ళో ప్రతివాడూ బస్తా ధర అడిగాడు. బస్తా ధర అందరికీ నోటికి వచ్చు కాబట్టి అడిగాడు. ముప్పావు ఇంచీ ఇత్తడి ఎల్బో ధర ఎంతో మనలో ఎవరికి తెలుసు?

కడపలో హార్డ్‌వేర్ అంగళ్ళ సంఘంవాళ్ళూ, కొత్త షోరూములవాళ్ళూ డిస్కౌంట్ల మీద ఫ్లెక్సీలు కట్టడం కొన్నాళ్ళు ఆపి, రెండు పనులు చేయమని మేం అడుగుతున్నాం. బిల్లు మీద కంపెనీ పేరు, సైజు, ఐఎస్ఐ మార్కు సంగతి రాయాలి. వాడకుండా మిగిలిన ఫిట్టింగులను ఎన్ని రోజుల్లో తీసుకుంటారో అదే బిల్లు మీద అచ్చు వేయాలి. ఇల్లు పూర్తయ్యేసరికి ప్రతి ఇంట్లో ఒక గోతాం నిండా ఎల్బోలూ, టీలూ, గుడ్డి మూతలూ మిగులుతాయి. మేస్త్రి చీటీలో ఎప్పుడూ నాలుగు ఎక్కువే ఉంటాయి, తక్కువ పడితే పని ఆగుతుందని. ఆ గోతాం మిద్దె మెట్ల కింద పదేళ్ళుంటుంది. దాన్ని మొదట వెనక్కి తీసుకున్న అంగడి ముందు చీటీలు పట్టుకుని ఇంటివాళ్ళే నిలబడతారు. వాణిజ్య పన్నుల వాళ్ళూ, తూనికలు కొలతల వాళ్ళూ ఆ ‘ఎస్టిమేట్’ కాగితాలు ఏరడానికి ఒక పొద్దున పూట బజారుకు వస్తే చాలు, మధ్యాహ్నానికి సంచి నిండుతుంది.