కాలువ ఒడ్డున పది సెంట్లు: ముందు ఏ కాలువో అడగండి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు ఇక మనకు అందవట. అదే డబ్బుతో కోస్తాలో, సముద్రానికి దగ్గరున్న కాలువ ఊళ్లో పది సెంట్లు కొనమంటున్నారు. నీళ్లకు కరువుండదు, చిన్న కాటేజీ వేస్తే వారం వారం అద్దె, రిజిస్ట్రేషన్ అయిపోతే టెన్షన్ లేదు, ధర ఎప్పటికీ పడదు అని హామీలు. (పది సెంట్లంటే మన లెక్కలో నాలుగు గుంటలు, 484 గజాలు.) హైదరాబాద్ సంగతి నిజమే. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

"కాలువ ఒడ్డు కాబట్టి నీళ్లకు కరువు లేదు." ఏ కాలువ? మనకు కాలువంటే సాగర్ ఎడమ కాలువే గుర్తొస్తుంది. డెల్టా చివర అన్నీ అలాంటివి కావు. బ్యారేజీ నుంచి వచ్చే సాగునీటి కాలువలుంటాయి, వాటిని వేసవిలో కట్టేస్తారు. పొలాల నీటిని సముద్రంలోకి దింపే మురుగు కాలువలుంటాయి. పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి ఎగదన్నే ఉప్పుటేర్లుంటాయి. ఫొటోలో మూడూ ఒక్కలాగే అందంగా కనిపిస్తాయి.

బోరు మాట కూడా అంతే. "20 అడుగులకే నీళ్లు" అని చదివితే, వందల అడుగులు దించినా దుమ్మే లేచే ఊళ్లవాళ్లం, మనసు ఆగదు. కానీ తీరం దగ్గర పైనుండే మంచినీటి పొర పలచన, దాని కింద ఉప్పునీరు. గట్టిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. పక్కన రొయ్యల చెరువులుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్‌తో మర్రిగూడ పడ్డ గోస చూసినవాళ్లకు, బోరులో నీళ్లు పడటం వేరు, తాగే నీళ్లు పడటం వేరని ఎవరూ నేర్పక్కర్లేదు.

"చిన్న కాటేజీ వేసుకోవచ్చు." అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తీరం దగ్గర కట్టడాలపై ఆంక్షలు పెట్టే కోస్టల్ రెగ్యులేషన్ జోన్, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలు సముద్రం ఒడ్డుకే కాదు, ఆటుపోట్లు తగిలే ఏర్లకు కూడా వర్తిస్తాయి. ఎంత లోపలి దాకా అంటే, బాగా ఎండిన కాలంలో లీటరు నీటికి సుమారు 5 గ్రాముల ఉప్పు తేలే చోటు దాకా. గ్రామాల్లో అలాంటి ఏటి పక్కన కొత్త కట్టడాలు కూడని మేర 2011 నిబంధనల్లో 100 మీటర్లు, 2019 నోటిఫికేషన్‌లో 50 మీటర్లు. ఏటి వెడల్పు అంతకంటే తక్కువైతే ఆ వెడల్పే లెక్క. 2019 సడలింపు దక్కాలంటే అక్కడి తీర ప్రాంత మ్యాపు కొత్త లెక్కన ఆమోదం పొంది ఉండాలి.

ఏరు 30 మీటర్ల వెడల్పు అనుకోండి. ఒడ్డు నుంచి దాదాపు 98 అడుగులు కట్టడానికి లేదు. 60 అడుగుల ముఖం, 72 అడుగుల లోతు ఉన్న పది సెంట్ల బిట్టు మొత్తం అందులోనే పోతుంది. "పక్కన ఇల్లుందిగా" అంటాడు బ్రోకర్. అది పాత ఇల్లు కావచ్చు, మత్స్యకారులది కావచ్చు. వాళ్లకున్న వెసులుబాటు కృష్ణ మీది వాడపల్లి వంతెన దాటి ఆంధ్రాకు వెళ్లి కొన్నవాళ్లకు రాదు.

"రిజిస్ట్రేషన్ అయితే టెన్షన్ లేదు." కేరళలో కొచ్చి దగ్గర మరడులో ఉప్పునీటి కయ్య ఒడ్డున నాలుగు అపార్ట్‌మెంట్లు ఉండేవి. పంచాయతీ అనుమతి ఉంది, కొన్నవాళ్ల దగ్గర కాగితాలూ ఉన్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019లో సుప్రీంకోర్టు కూల్చమంది, 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేశారు. మన దేశంలో సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. హక్కుకు హామీ ఇవ్వడు, కట్టుకోనిస్తామనీ చెప్పడు. అది అసైన్డ్ భూమా, కాలువ గట్టు పోరంబోకా, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద అమ్మకూడని భూముల జాబితాలో ఉందా అన్నది మనమే తేల్చుకోవాలి. తెలంగాణ భూ రికార్డులుండే మన భూభారతిలో వెతికితే దొరకదు, ఆంధ్రా రికార్డులు వేరే.

"వారాంతం అద్దెలు వస్తాయి." వస్తాయి, వాచ్‌మన్ జీతం, ఉప్పుగాలికి తుప్పు పట్టే గ్రిల్సూ ఏసీలూ పోను మిగిలితే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం ఉండనే ఉంది. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇన్సూరెన్స్ ఉందిగా అనేవాళ్లు భారత్ గృహ రక్షా పాలసీ ఒకసారి చదవాలి. తుపానుకు, వరదకు ఇస్తుంది. నేల కుంగితే మాత్రం, అది తీరం లేదా నది కోత వల్లనో, మెరక చేసిన నేల దిగబడటం వల్లనో అయితే పైసా రాదు. కాలువ పక్కన బిట్లు మెరక చేయకుండా ఎవరు అమ్ముతారు?

"ధర ఎప్పటికీ పడదు." 20 లక్షలకు కొంటే ఆంధ్రాలో స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, అంటే లక్షన్నర మొదటి రోజే పోతుంది. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. కట్టడానికి అనుమతి రాని బిట్టు మీద బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు కాబట్టి, రేపు మన దగ్గర కొనేవాడు మొత్తం సొమ్ము చేతిలో పట్టుకుని రావాలి.